గ్రహణం వేళ జామకాయ కోసిన మనిషి

సారు పోయాడన్న కబురు వెల్డింగ్ షాపు చాచా తెచ్చాడు. పొద్దున్నే నా మిర్చీల బండి దగ్గరికి వచ్చి, చాయ్ అడగకుండా నిలబడ్డాడు. చాచా చాయ్ అడగలేదంటే ఏదో అయిందనే.

“అక్కా, లేడు సారు గుజర్ గయే. భూపాలపల్లిల, కొడుకింట్ల.”

పక్కనే మిర్చీల కోసం నిలబడ్డ ఒకాయన పళ్లికిలించాడు. “ఇగ తెలుస్తది సారుకు, పైన ఉన్నడో లేడో.”

నా చేతిలో నూనె కారుతున్న గంటె ఉంది. “నీకు మిర్చీలు లెవ్వు. పో” అన్నాను.

ఆ రోజంతా నెల్లికుదురు బజారులో ఇదే ముచ్చట. శవాన్ని కాల్చలేదట, పూడ్చలేదట. డాక్టర్ చదువు చదివే పిల్లలు కోసి చూసుకోవడానికి వరంగల్‌కు ఇచ్చేశారట. సారు బతికుండగానే అలా రాసిచ్చాడట. గతి లేకుండా పోయాడని కొందరు, పాపం తగిలిందని కొందరు. ఇంతమంది ఇన్ని మాటలు అంటుంటే, నా మాట కూడా ఒకటి ఉండాలి కదా. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నేను తిట్టే తిట్లు కొన్ని వదిలేస్తానంటోంది. వదిలెయ్యనీ. సారు మాట మాత్రం ఒక్కటి కూడా వదలొద్దన్నాను.

ఆయన పేరు చెప్పను. ఆ పేరులో ఇద్దరు దేవుళ్లున్నారని ఆయనకే సిగ్గు. మా ఊరికి ఆయన లేడు సారు. దేవుడి మాట ఎత్తితే చాలు, అది పూర్తికాకముందే “లేడు” అనేవాడు. సారు అంటే పంతులేం కాదు. ఫోటో స్టూడియో ఆయన. మెడలో కెమెరా వేలాడితే మా దగ్గర సారు అనే అంటారు.

పొట్టి మనిషి. కోపమొస్తే అరవడు. కళ్లద్దాలు తీసి అంగీ అంచుతో తుడుస్తాడు. ఎంత కోపముంటే అంతసేపు తుడుస్తాడు. “అద్దాలు లేకుంటే ఎదుటోడు మసకమసక కనవడ్తడు అక్కా, కొట్టబుద్ధి కాదు” అనేవాడు.

స్టూడియోలో అడుగుపెడితే, దేవుడి పటం ఉండాల్సిన చోట కోతి పటం. తోకలేని పెద్ద కోతి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఏదో ఆలోచిస్తున్నట్టు కూర్చుని ఉంటుంది. ఏ పత్రికలోంచో కత్తిరించి అద్దం కట్టించాడు. కింద ‘మా తాత’ అని పెద్దక్షరాలతో రాసుకున్నాడు. ఊళ్ల నుంచి ఫోటోకు వచ్చిన ఆడవాళ్లకు అది ఆంజనేయుడే. చెప్పులు బయట విడిచి దండం పెట్టేవాళ్లు. ఒకామె తమలపాకుల దండ కూడా తెచ్చింది. సారు ఆమె దండం అయ్యేదాకా ఆగాడు.

“సగం తొవ్వ వచ్చినవ్ చెల్లె. కోతికి దండం పెట్టినవ్. ఇగ గా కోతి మనకేమైతదో గూడ అడిగితే ఇంటికి చేరినట్టే.”

కొన్నాళ్లకు చూస్తే ‘తాత’ మీద అడ్డంగా గీత. పక్కన ‘పాలోడు’ అని కొత్తగా రాసి ఉంది. చదివింది నేను కాదు, చాచా కొడుకు.

“ఏంది సారూ, తాత మారిండా?” అన్నాను.

“నేనే తప్పు రాసిన. కోతి మనకు తాత కాదట. దానికి మనకు కలిపి ఇంకో పాత తాత ఉండెనట. గాయిన బిడ్డలం మనమంత, పాలోళ్లం, దాయాదులం.” గీత మీద వేలు పెట్టి చూపించాడు, అదేదో గొప్ప పనైనట్టు. “తప్పని తెలిస్తే కొట్టేస్తం. గిది మా పద్ధతి. మీ పురాణంల ఎన్నడన్న ఒక్క అక్షరం కొట్టేసిండ్రా?”

కెమెరా పట్టుకుని ఆయన తిరగని చోటు లేదు. పెళ్లిళ్లు, చావులు, జాతరలు. “ముప్పై ఏండ్ల సంది తీస్తున్న. ఒక్క ఫోటోల గూడ దేవుడు పడలే” అనేవాడు. కనబడడు కాబట్టే దేవుడయ్యాడని గుడి అయ్యగారు అంటే, “కనవడకపోతే గన్ని పటాలు ఎవర్ని జూసి గీసిండ్రు?” అని అడిగేవాడు. మేడారం జాతరకు మాత్రం తప్పకుండా పోయేవాడు. నమ్మనోడివి ఎందుకు పోతున్నావని నేనే అడిగాను. “గా తల్లీబిడ్డలు మనుషులు అక్కా. రాజు మీదికి లేచిన మనుషులు. మనిషికి దండం పెట్టడానికి నాకేం నామోషీ?”

పొద్దున పేపర్ నా బండి దగ్గరే. అందరూ తెలంగాణ వార్త కోసం మొదటి పేజీ లాక్కుంటే, సారు లోపలి పేజీ లాక్కునేవాడు. చదివిందంతా పైకి చదివేవాడు. ఒకనాడు అయ్యగారు పేపర్ ఊపుకుంటూ పరుగున వచ్చాడు. “దొరికిండు లేడు సారూ, దొరికిండు! సైన్సోళ్లే పట్టుకున్నరు. దైవకణమట!” సారు పేపర్ తీసుకుని మొత్తం చదివాడు. తర్వాత కళ్లద్దాలు తీశాడు. నేను రెండు వాయిలు మిర్చీలు తీసేదాకా తుడుస్తూనే ఉన్నాడు. “కణం దొరికింది, సంతోషం. గా పేరు పెట్టినోడు నాకు దొరకాలె” అన్నాడు.

ఇవన్నీ నవ్వుకునే ముచ్చట్లు. నాకు ఆయన సారు అయింది మాత్రం వీటితో కాదు.

మా దగ్గర మనిషి పోయిన మూడో నాడు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆరుబయట పెట్టి కాకి కోసం చూస్తారు. పిట్టకు పెట్టడం అంటారు. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో తీరలేదని. మా ఆయన పోయినప్పుడు ఎంతసేపు చూసినా కాకి వాలలేదు. చుట్టాలంతా గుసగుసలు. మా అత్త అందరి ముందూ నా వైపు చెయ్యి చాపింది.

“ఎట్ల ముడ్తది? ఒక్కగానొక్క బిడ్డ, గది గూడ మొర్రిది. గా మనాది తోటే పోయిండు నా కొడుకు. గిదంత చేసింది గిదే. గ్రహణం నాడు కోసింది గిదే.”

ఫోటో కోసం పిలిస్తే వచ్చి, ఓ మూలన నిలబడి ఉన్నాడు సారు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు.

“అవ్వా, విస్తరి చుట్టు గింతమంది నిలవడితే కాకి ఎట్ల వస్తది? భయం గాదా దానికి? జర అవుతలికి జరుగుండ్రి.”

జరిగారు. కాకి వచ్చింది. తిన్నది.

చుట్టాలంతా తినడానికి లేచారు. నేను మాత్రం ఆ కాకిని చూస్తూ ఉండిపోయాను.

మా అత్త అన్న ఆ కోత సంగతి చెప్పాలి. నా బిడ్డ కడుపులో ఉన్నప్పుడు పట్టపగలే చీకటయ్యే గ్రహణం వచ్చింది. ఊరంతా తలుపులు బిగించుకుంది. నన్ను చాప మీద కాళ్లు చాపించి పడుకోబెట్టారు. కదలొద్దు, గోకొద్దు, నీళ్లు తాగొద్దు. బయట దొడ్లో మేక అరుస్తోంది. అరుపు మామూలుగా లేదు. కట్టేసిన తాడు మెడకు చుట్టుకుని ఉరి పడుతోంది. లేచి వెళ్లి కొడవలితో తాడు కోశాను. అంతే నేను చేసింది. బిడ్డ పెదవి చీలి పుట్టింది. ఆ రోజు నుంచి అత్తకు, మొగుడికి, వాడకు నేను కోసినదాన్ని. పిల్లకు పదేళ్లప్పుడు వరంగల్‌లో కుట్లు వేయించాం. మచ్చ మిగిలింది. మాట కొంచెం ముక్కుతో వస్తుంది.

పెళ్లిసంబంధానికి ఫోటో కావాల్సి వచ్చినప్పుడు, మొఖం పక్కకు తిప్పి తియ్యమని సారును బతిమాలాను.

“చేసుకునేటోడు పక్కకు నిలవడి సంసారం చేస్తడా అక్కా?” అని ఎదురుగానే తీశాడు. ఆ ఫోటో చూసే కొడకండ్ల పిల్లవాడు ఒప్పుకున్నాడు. ట్రాక్టర్ నడుపుతాడు. ఏళ్లు గడిచాక నా బిడ్డకు కడుపు పండింది. ఏడో నెలలో పురిటికి నా ఇంటికి వచ్చింది.

తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు లేచిన రోజులవి. నా బండికి ఎదురుగా రోడ్డవతల దీక్షా శిబిరం. రోజుకో పనివాళ్ల వంతు. ఒకనాడు టైలర్లు, ఒకనాడు ఆటోవాళ్లు, ఒకనాడు మేస్త్రీలు. పొద్దున దండలు వేసుకుని కూర్చుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు. సరిగ్గా అప్పుడే మళ్లీ గ్రహణం అన్నారు. టీవీలో జ్యోతిష్యులు పొద్దస్తమానం కడుపుతో ఉన్నవాళ్లను బెదిరిస్తున్నారు.

“రేపు బండి పెట్ట సారూ” అన్నాను ముందు రోజు.

“ఎందుకు?”

“బిడ్డ కడుపుతోటున్నది. దగ్గరుండాలె. నాకైనట్టు దానికి గావొద్దు.” అని మేక సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. అప్పటిదాకా ఎవరికీ నా నోటితో చెప్పలేదు.

ఆయన మొదట అడిగింది ఏమిటో తెలుసా? “మేక ఏమాయె?”

“బతికింది. మూడీతలు ఈనింది.”

“మంచి పని జేసినవ్ అక్కా.”

అన్నేళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి.

తర్వాత అడిగాడు. “అప్పుడు నీకు ఎన్నో నెల?”

“ఎనిమిది పడ్డది.”

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “ముక్కు కింద తడిమి చూడు. నడుమ గుంత ఉన్నదా? గది కుట్టు. కడుపుల ఉన్నప్పుడు మొఖం ఆ పక్క కొంత, ఈ పక్క కొంత వచ్చి నడుమ అతుకుతది. చేపపిల్లకైనా, కోడిపిల్లకైనా, మనకైనా సురువుల అందరిది ఒక్క తీరుగనే ఉంటది. పాలోళ్లం గదా. పెదవి రెండో నెల దాటకముందే కలుస్తది. నీ బిడ్డకు కలవలే. నువ్వు మేక తాడు కోసేటాల్లకు గా ముచ్చట ఒడిసి ఆర్నెల్లాయె.”

ఆ మాటలు రోడ్డవతలికి కూడా వినబడి, టెంటులో ఉన్నవాళ్లంతా ముక్కు కింద తడుముకోవడం మొదలుపెట్టారు. దండలు వేసుకున్న పెద్దమనుషులు కూడా. మరో రోజైతే నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. అప్పుడు నాకు నవ్వు రాలేదు, ఏడుపు కూడా రాలేదు. కోపం వచ్చింది. మా అత్త అప్పటికే పోయింది. లేకపోతే ఆ సాయంత్రమే నిలదీసేదాన్ని.

మర్నాడు ఫోటోగ్రాఫర్ల వంతు. ఆ రోజు దీక్షకు మనుషులు ఎగబడ్డారు. ఎలాగూ తినేది లేదు కదా! సారుకే చిక్కొచ్చింది. ప్రతి గ్రహణానికీ నడిబజారులో ఏదో ఒకటి తిని చూపించడం ఆయన పద్ధతి. ఈసారి తింటే దీక్ష పోతుంది, తినకపోతే పరువు పోతుంది. శిబిరం పెద్దమనిషి వదల్లేదు.

“చూసినవా లేడు సారూ, ఆఖరికి నిన్ను గూడ గ్రహణానికి ఉపాసం ఉంచిండు దేవుడు!”

“నాది తెలంగాణ ఉపాసం. నీది రాహువు ఉపాసం. రెండు కలపకు.”

నేను బండి పెట్టనన్నదాన్ని, పెట్టాను. పొయ్యి మాత్రం వెలిగించలేదు. బిడ్డ వెనక ఇంట్లో చాప మీద ఉంది. పొద్దుటి నుంచి నీళ్లు అడుగుతోంది, నేను ఊకో అంటున్నాను. సారు చెప్పింది నమ్మాను కానీ, నమ్మడం వేరు, కడుపుతో ఉన్న బిడ్డ చేతికి నీళ్లివ్వడం వేరు.

గ్రహణం పట్టింది. ఎండ ఉంది, కానీ పాత ఫోటోలో ఎండలా ఉంది. టెంటు చిల్లుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ చిన్న చిన్న కొడవళ్లలా మారాయి. సారు లేచి, గంప మీద గరిక పరిచి మూలకు కూర్చున్న జామకాయలామె దగ్గరికి వెళ్లాడు. గరిక తీసి పక్కన పెట్టాడు. కాయలు తెచ్చి, నా బండి మీది కత్తితో రోడ్డు నడుమ నిలబడి కోశాడు.

“నేను దీక్షల ఉన్న, తినరాదు. తినేటోళ్లు రాండ్రి. కోసుడు నేను కోస్త.”

ఎవరూ కదల్లేదు. చాచా ఒక్కడు వచ్చాడు. “నమాజుకు పోవాలె సారూ. ఒక ముక్క ఇయ్యి, నడుసుకుంట తింట.” మొఖానికి అడ్డం పెట్టుకునే వెల్డింగ్ నల్లద్దం సారు చేతికిచ్చి, ముక్క నోట్లో వేసుకుని మసీదు వైపు పోయాడు.

వెనక తలుపు చప్పుడైంది. నా బిడ్డ. జుట్టు విరబోసుకుని, పెదాలు ఎండిపోయి, కడుపు పట్టుకుని వచ్చి బండి ముందు బల్ల మీద కూర్చుంది. రోడ్డు మీద ఆడవాళ్లు అయ్యో అయ్యో అని అరిచారు.

“సారూ, నాకొక ముక్క.”

సారు ఇవ్వలేదు. ప్లేటు వెనక్కి పట్టుకున్నాడు. “ఇను బిడ్డా. పుట్టేటోళ్లకు పెదవి మంచిగుంటదని నేను చెప్ప. నీకున్నది గాబట్టి రావొచ్చు. వస్తే గది ఎప్పుడో వచ్చి కూసున్నది. గీ గ్రహణంతోటి మాత్రం రాదు. గిదొక్కటే నేను చెప్పగల్గుత. ఇగ మీ అమ్మనడుగు.”

అందరూ నా వైపు తిరిగారు. నా బిడ్డ కూడా. ఆ మచ్చ, ఆ ఎండిన పెదవి. నేను సారు చేతిలోంచి కత్తి తీసుకున్నాను. ఇంకో కాయ తీసి కోశాను. “తిను” అన్నాను. చెంబుతో నీళ్లు కూడా ఇచ్చాను. సగం చెంబు ఒక్క గుక్కలో తాగింది. తర్వాత సారు నల్లద్దం దాని కళ్లకు పెడితే, “అమ్మా, ఎవలో రొట్టె కొరికినట్టున్నది” అని నవ్వింది.

రెండు నెలలకు మానుకోట దవాఖానలో కాన్పు. ఆడపిల్ల. పెదవి చీలి ఉంది.

పిల్లను చేతుల్లోకి తీసుకుని, నెలలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాను. రెండో నాడే కొడకండ్ల నుంచి మనుషులు దిగారు. దవాఖానకు రాలేదు, నేరుగా స్టూడియో మీదికి పోయారు. కబురు తెలిసి నేను పరుగెత్తేసరికి షోకేసు అద్దం పగిలి ఉంది. మా వియ్యపురాలు నడిబజారులో నిలబడి అరుస్తోంది.

“గుడి ముంగట చెంపలేసుకోవాలె నువ్వు! నా మనవరాలి మొఖం చెడగొట్టినవ్. దాన్ని మేం తీస్కపోం. తల్లిని తీస్కపోం.”

సారు కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి. “నా వల్ల అయ్యిందే అయితే చెంపలు కాదు, మెడ ఇస్త. కాలే. కానిదానికి దేవుని ముంగట గాదు, ఎవని ముంగట గూడ వంగ.”

అయ్యగారు మెల్లగా అన్నాడు, “తప్పయిందని ఒక్కసారి అంటే ఏం పోతది సారూ? కొట్లాట సల్లవడ్తది.”

“నేనంటే, రేపు గీ అక్క గూడ అనాలె. గా బిడ్డ గూడ అనాలె. పుట్టిన పోరి గూడ పెద్దగయినంక అనాలె. అన.”

నేను గుంపు చీల్చుకుని వియ్యపురాలి ముందు నిలబడ్డాను. ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె వేలే ఆమె ముక్కు కింద పెట్టాను.

“గిదేంది వదినా? గీ గుంత ఏంది? తడుము! గిది నీకు గూడ అతికిన కుట్టు. నీకు కలిసింది, దానికి కలవలే. రెండో నెలల కలవాలె గది. నా బిడ్డ జాంకాయ తిన్నది ఏడో నెలల. ఎట్ల చీలుస్తది జాంకాయ? చెప్పు! నన్ను ముప్పై ఏండ్లు కోసినదానివి అన్నరు. పడ్డ. నా బిడ్డను ఒక్కనాడు అన్నా ఊకోను. అనుడు గిక్కడనే బంద్ గావాలె.”

ఆమె వేలు ముక్కు కిందే ఉండిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. అప్పటిదాకా వెనక తలవంచుకుని నిలబడ్డ అల్లుడు ముందుకు వచ్చాడు. తల్లిని చూడలేదు, నన్ను చూడలేదు.

“ఆపరేషన్ ఎక్కడ చేస్తరు సారూ?”

సారు అద్దాలు పెట్టుకున్నాడు. “చెప్త. ముందుగాల పిల్లను ఫోటో తియ్యనియ్యి. డాక్టర్‌కు చూపెట్టాలె. ఎదురుంగ తీస్త.”

మూడు నెలలు నిండాక కుట్లు వేశారు. పగిలిన షోకేసు అద్దం సారు మళ్లీ వేయించలేదు. ఆ షోకేసులోనే నా మనవరాలి ఫోటోలు పెట్టాడు, ఏటా ఒకటి, అన్నీ ఎదురుగా తీసినవే. తెలంగాణ వచ్చిన రోజు కూడా దాన్ని భుజాన ఎక్కించుకుని ఒకటి తీయించుకున్నాడు. చాచా తీశాడు, ఇద్దరి తలలూ సగమే పడ్డాయి.

ఆ సారు పోయాడు. మూడో నాడు పక్కింటామె అడిగింది. “అవ్వా, సారుకు పిట్టకు ఎవలు పెడ్తున్నరు? కొడుకు పెట్టడట గదా. నువ్వన్న పెట్టరాదు?”

సారు వద్దన్నది నేను పెట్టను. కానీ ఊరికే కూర్చోవడం చేతకాలేదు. జామకాయలు కొన్నాను. టెంటు ఉండిన చోట బండి ఆపి, రోడ్డు మీద కోసి, వచ్చేపోయేవాళ్లకు ముక్కలు పంచాను. బస్సు దిగినవాళ్లు తిన్నారు. చాచా తిన్నాడు. నేను మిర్చీలు లేవన్న ఆయన కూడా దూరంగా తచ్చాడుతుంటే పిలిచి ఇచ్చాను. బండి అంచున కాకి వాలి గింజలు పొడుచుకుంది. పక్కింటామె చేతులు జోడించింది.

“ముట్టింది అవ్వా, ముట్టింది! సారు ఆత్మ సల్లవడ్డది.”

“దానికి ఆకలైంది. తిన్నది” అన్నాను.

నా మనవరాలు ముక్క కొరికింది. పెదవి మీది సన్నగీత కదిలింది. ఇప్పుడు రాస్తూ రాస్తూ కలం ఆపి, ఇక చాలా అమ్మమ్మా అంటోంది. చాలు. ఇంకొక్కటి రాయి. మేక తాడు కోసింది నేనే. గ్రహణం వేళ మీ అమ్మకు కాయ కోసింది నేనే. మళ్లీ గ్రహణం పట్టినా కోస్తాను. రోడ్డు మీద, అందరూ చూస్తుండగా.